చేతుల్లేని కుర్చీకి 5 స్టార్లు, మైకుకి 2

లావుగా ఉన్నవాళ్ళ కోసం పెట్టిన ఒక సినిమా, నాటకాల సాయంత్రానికి వెళ్ళొచ్చా. ముందు కుర్చీల గురించి రాస్తా, సినిమా సంగతి తర్వాత. ఎందుకంటే నేను ఏ హాలుకి వెళ్ళినా ముందు చూసేది కుర్చీనే, స్టేజీ కాదు. చేతులున్నాయా లేవా, ప్లాస్టిక్‌దా ఇనపదా, కాళ్ళు గట్టిగా ఉన్నాయా, వరస మధ్యలోంచి అందరి మోకాళ్ళూ తగులుకుంటూ దూరాల్సొస్తుందా, ఇదంతా గుమ్మంలో నిలబడి ఐదు సెకన్లలో లెక్కేసేస్తా, పక్కనున్నవాళ్ళకి తెలీను కూడా తెలీదు. సన్నగా ఉన్నవాళ్ళకి ఈ పేరా సోదిలా అనిపించొచ్చు, ఏం పర్లేదు, సినిమా కింద ఉంది, అక్కడికి వెళ్ళిపోండి.

విషయం ఏంటంటే పోయిన నెల కాలిఫోర్నియాలో, ఓక్లాండ్‌లో జరిగింది ఆ ఈవెంట్. ఫ్యాట్ పాజిటివ్ ఫిల్మ్ అండ్ థియేటర్ నైట్ అట. అంటే లావుగా ఉన్నవాళ్ళని సన్నబడమని చెప్పకుండా, జాలి చూపించకుండా, కామెడీ చెయ్యకుండా ఉండే సినిమా ఒకటి వేసి, ఆ తర్వాత లావుగా ఉన్నవాళ్ళే చిన్న చిన్న నాటకాలు వేస్తారు. చుట్టుపక్కల ఉండేవాళ్ళ కోసం ఒక చిన్న గ్రూపు నెలకోసారి పెడుతోంది. గ్రూపు పేరు రాయట్లేదు, వచ్చినవాళ్ళు ఫొటోలు కూడా వద్దన్నారు, ఆఫీసుల్లో తెలియడం ఇష్టం లేనివాళ్ళు ఉంటారుగా. బే ఏరియాలో, అంటే శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి కావాలంటే లైబ్రరీ నోటీసు బోర్డులు చూడండి, నేను అక్కడే చూశా, పిల్లల స్టోరీ టైమ్ కాయితం కింద సగం దాక్కునుంది.

మా ఆయనకి చూపిస్తే "లావు వాళ్ళందరూ కూర్చుని సినిమా చూట్టం ఏంటే, మామూలు సినిమా హాల్లో చూడొచ్చుగా" అన్నాడు. ఆయన 58 కిలోలు, పెళ్ళప్పటి ప్యాంటు ఇప్పటికీ పడుతుంది, ఆయన్ని అని లాభం లేదు. పైగా శనివారం క్రికెట్ ఉంది, కారు ఆయన పట్టుకెళ్ళాడు, నేను మా ఊరు ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కి వెళ్ళా. బార్ట్ సీట్లు బానే ఉంటాయి, మధ్యలో చెయ్యి ఉండదు, కానీ పక్క సీటు ఖాళీగా ఉన్నా జనం నిలబడే వస్తారు నా పక్కన కూర్చోకుండా, అది ఇప్పుడు అలవాటైపోయింది, బ్యాగు పెట్టుకుంటా.

హాలు ఒక చర్చి కింద బేస్‌మెంట్. మెట్లు చూసి గుండె జారింది కానీ పక్కన ర్యాంపు ఉంది, ర్యాంపు ఎటో బాణం గుర్తు కూడా పెట్టారు. లోపలికెళ్ళి మామూలుగా నా లెక్క మొదలెట్టా. ఒక్క కుర్చీకి కూడా చేతుల్లేవు. ఒక్కదానికి కూడా! వెడల్పు కుర్చీలు ముందు వరసలో, మధ్యలో మన పెళ్ళి స్టేజీ మీద వేసేలాంటి సోఫాలు రెండు, వెనక గోడకి ఆనించి చెక్క బెంచీలు. వరసకీ వరసకీ మధ్య మా తెనాలిలో ఆటో పట్టేంత ఖాళీ. బాత్రూమ్ ఎంత దూరమో, దాని తలుపు ఎన్ని అంగుళాలో కూడా ఒక కాయితం మీద రాసి అంటించారు. ఎకానమీ విమానంలో సీటు 17, 18 అంగుళాలు, అందులో హైదరాబాద్ నుంచి ఇక్కడికి ఇరవై గంటలు మోచేతులు ఒళ్ళో పెట్టుకుని వచ్చినదాన్ని, నాకు ఆ కాయితం చూసి నిజంగా కళ్ళు చెమర్చాయి. నవ్వుకోండి. టిక్కెట్టు 5 నుంచి 20 డాలర్ల మధ్య మీ ఇష్టం, లేకపోతే ఊరికే రమ్మన్నారు. నేను 10 ఇచ్చా, కుర్చీలు చూశాక ఇంకో 5 డబ్బాలో వేశా.

గుమ్మం దగ్గరే నా పరువు పోయిన ముచ్చట కూడా చెప్పాలి. మాస్కు తప్పనిసరి, సరే, బ్యాగులో ఉంది. ఇంకోటి సెంటు పూసుకుని రాకూడదు, కొందరికి వాసనలు పడవట, నోటీసులో ఉందట, నేను చదవలా. నేనేమో శనివారం కదా అని తలకి కొబ్బరినూనె, మెడకి మల్లెపూల సెంటు, వెరసి తిరుపతి బస్సులా వెళ్ళా. గుమ్మం దగ్గర ఉన్నామె చాలా మర్యాదగా "కిటికీ పక్కన కూర్చుంటారా, గాలొస్తుంది" అంది. గాలి నాకొస్తుందనుకున్నా, నా గాలి బయటికెళ్ళడానికని కూర్చున్నాక అర్థమైంది. మీరెవరైనా వెళ్తే నూనె కూడా మానండి.

లోపల గోడ మీద ఇంకో బోర్డు: ఇక్కడ డైట్ కబుర్లు వద్దు. ఇది నాకు వింత. మా ఫ్రీమాంట్ పాట్‌లక్‌లలో, అదే తలో వంటకం తెచ్చుకునే విందుల్లో, డైట్ లేకపోతే కబుర్లే లేవు. ఒకప్పుడు వీఆర్కే డైట్ అని అందరూ కొబ్బరినూనె గ్లాసులు లెక్కపెట్టారు, తర్వాత పదహారు గంటల ఉపవాసం, ఇప్పుడు ఇంజెక్షన్లు. పులిహోర గిన్నె ముందు నిలబడి "నేను రైస్ మానేశా" అని చెప్పి, చెప్పాక రెండు గరిటెలు వేసుకుని, వేసుకున్నందుకు ఇంకోసారి సంజాయిషీ. ఇక్కడ నేను ఒక డబ్బాడు జంతికలు తీసుకెళ్ళా, టేబుల్ మీద పెట్టా, జనం వచ్చారు, తిన్నారు, బావున్నాయి ఏం పిండి అని అడిగారు, వెళ్ళారు. అంతే. ఒక్కళ్ళు కూడా "అయ్యో నూనె" అనలా. జంతిక మీద జంతిక గురించి తప్ప ఇంకేం మాట్లాడకుండా మనుషులు తింటారని ముప్ఫై ఆరేళ్ళకి చూశా.

సినిమా. వేసింది యువర్ ఫ్యాట్ ఫ్రెండ్ అనే డాక్యుమెంటరీ, 2023లో వచ్చింది, తీసినావిడ జీనీ ఫిన్లే, బ్రిటన్ ఆవిడ. ఆబ్రీ గోర్డన్ అని పోర్ట్‌ల్యాండ్‌లో ఉండే రచయిత్రి పేరు చెప్పకుండా లావుగా బతకడం గురించి రాస్తుండేది, అవి లక్షలమంది చదివారు, ఆ తర్వాత పేరు బయటపెట్టి పుస్తకం వేసేదాకా దాదాపు ఆరేళ్ళ పాటు కెమెరా వెంట తిరిగింది. గొడవలు, ట్విస్టులు ఏం ఉండవు. నాకు బాగా తగిలింది వాళ్ళ అమ్మానాన్నలతో ఉన్న సీన్లు. చిన్నప్పట్నుంచి కూతుర్ని డైట్‌లలో తిప్పిన అమ్మ, చెడ్డావిడ కాదు, అసలు కాదు, తను కూడా జీవితమంతా అదే చేసుకుంది. మా అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మ కూడా నాకు అన్నం కొలిచి పెట్టి తను వంటింట్లో నిలబడి ఏం తినేదో ఎవరికీ తెలీదు. ఇప్పుడు వీడియో కాల్‌లో "ఏవే, ఒళ్ళు చేశావు" అంటుంది హలో కంటే ముందు.

మైకు మాత్రం ఘోరం. సినిమా సౌండు ఒక పక్క స్పీకర్లోంచే వచ్చింది, కింద అక్షరాలు పడుతున్నాయి కాబట్టి బతికిపోయా. మొదలవడమే అరగంట లేటు, నాకైతే మనవాళ్ళ ఫంక్షన్‌కే వచ్చినంత హాయిగా ఉంది కానీ పక్కావిడ వాచీ చూసుకుంటూనే ఉంది.

సినిమా అయ్యాక చర్చ పెట్టారు. నడిపిన అమ్మాయికి మాట్లాడ్డం ఇష్టం, ఆపడం ఇష్టం లేదు. అయినా కొన్ని విషయాలు బావున్నాయి. ద వేల్ అనే సినిమా గురించి పెద్ద వాదన జరిగింది, అందులో బ్రెండన్ ఫ్రేజర్‌కి ఒంటి మీద అతికించిన మేకప్‌తో లావు తెప్పించారు, 2023లో ఆయనకి ఉత్తమ నటుడు ఆస్కార్ వచ్చింది, ఆ మేకప్‌కి కూడా ఆస్కార్ వచ్చింది. "లావు మేకప్‌కి ఆస్కార్ ఇస్తారు, లావుగా ఉన్న నటుడికి ఆడిషన్ ఇవ్వరు" అని ఒకాయన అంటే చప్పట్లు. నేను చెయ్యెత్తి మన సైజ్ జీరో గురించి చెప్పా, 2015లో అనుష్క ఆ పాత్ర కోసం నిజంగానే బరువు పెరిగింది అని. వాళ్ళు ఆశ్చర్యపోయారు. అంతలోనే ఒకమ్మాయి "మరి ముందునుంచే ఆ బరువున్న హీరోయిన్ మీ దగ్గర ఎవరున్నారు" అంది. నేను ఆలోచించా. ఇంకా ఆలోచిస్తున్నా.

హీరోయిన్ కాదు కానీ సూర్యకాంతం పేరు చెప్పా. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఎస్వీఆర్, సావిత్రి, జమున ఇంతమంది ఉన్న సినిమాకి 1962లో ఆవిడ పాత్ర పేరు పెట్టారు, గుండమ్మ కథ అని. ఇది విని ముందు వరసలో ఉన్న ముసలావిడ "ఆవిడ మంచి పాత్రా, చెడ్డ పాత్రా?" అంది. గయ్యాళి అనే మాటకి ఇంగ్లీషులో ఏం చెప్పాలో తెలీక "ఇంట్లో అందరూ ఆవిడంటే భయపడతారు" అన్నా. "అయితే మంచి పాత్రే" అంది.

ఆ ముసలావిడ ఆ సాయంత్రానికి అసలు హీరోయిన్. వయసు డెబ్బై దాటింది, తెల్ల జుట్టు, చేతికర్ర, ఎర్ర గౌను. ఈ నాటకాలు కొత్తేం కాదని ఆవిడే చెప్పింది. 1980లలోనే ఈ బే ఏరియాలో ఫ్యాట్ లిప్ రీడర్స్ థియేటర్ అని లావు ఆడవాళ్ళ నాటక బృందం ఉండేది. ఫ్యాట్ లిప్ అంటే మూతి మీద గుద్దితే వాచిన పెదవి, ఆ పేరులోనే పొగరుంది చూడండి. రీడర్స్ థియేటర్ అంటే సెట్టింగులు, కాస్ట్యూములు ఉండవు, కాయితాలు చేత్తో పట్టుకుని చదువుతూ నటిస్తారు, మన రేడియో నాటకాన్ని ఎదురుగా కూర్చుని చూసినట్టు. అంతకు ముందు సంగతులు కూడా చెప్పింది. 1967లో న్యూయార్క్ సెంట్రల్ పార్కులో కొన్ని వందల మంది లావు వాళ్ళు చేరి ఐస్‌క్రీములు తింటూ డైట్ పుస్తకాలు తగలబెట్టారట, 1969లో వాళ్ళకో సంఘం వచ్చింది, 1973లో లాస్ ఏంజెలెస్‌లో కొంతమంది ఆడవాళ్ళు ఏకంగా మ్యానిఫెస్టో రాశారు. మా అమ్మ తెనాలిలో లంగా ఓణీలు వేసుకునే రోజుల్లో!

ఇంకోటి చెప్పింది, ఇది నాకు భలే నచ్చింది. 1999లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక జిమ్ వాళ్ళు పెద్ద హోర్డింగు పెట్టారు, గ్రహాంతరవాసి బొమ్మ వేసి, వాళ్ళొస్తే ముందు లావు వాళ్ళనే తింటారు అని. మండిపోయి లావు వాళ్ళు కొంతమంది జిమ్ ముందుకెళ్ళి గోల చేశారు. ఆ గోల పెద్దదై, పెద్దదై, 2000లో ఆ ఊళ్ళో చట్టమే వచ్చింది, బరువు బట్టీ ఎత్తు బట్టీ ఉద్యోగంలో, ఇంటి అద్దెలో తేడా చూపించకూడదని. న్యూయార్క్‌లో అలాంటిది 2023లో గానీ రాలేదు. నాకు వెంటనే బకాసురుడు గుర్తొచ్చాడు, బండెడు అన్నం, దున్నపోతులు, మనిషి. ఆ బండి తోలుకెళ్ళింది ఎవరు? ఊళ్ళో అందరికంటే లావుగా ఉన్న భీముడు, రాక్షసుడి ఎదురుగానే కూర్చుని వాడి అన్నం మొత్తం తినేసి ఆ తర్వాత వాణ్ణి చంపాడు. మన దగ్గర లావు వాడు మెనూలో లేడండీ, మెనూ మొత్తం తినేసినవాడు. ఇది చెప్తే హాలు హాలంతా గొల్లుమంది.

ఒక మాట మీద మాత్రం నాకు వాళ్ళతో కుదర్లేదు. ఫ్యాట్ అనే మాటని మనం గర్వంగా వాడుకోవాలి, దాన్ని తిట్టు కాకుండా చెయ్యాలి అని గట్టిగా చెప్తారు. ఇక్కడ అది కరెక్టే, ఎందుకంటే ఇక్కడ ఎవరూ మొహం మీద ఆ మాట అనరు, వెనక అంటారు, ముందేమో కర్వీ, ప్లస్ సైజు, బిగ్ బోన్డ్ అని ఏవేవో చుట్టి చెప్తారు, దాచిన మాటని బయటికి లాగితే దాని పవర్ పోతుంది. మనకి ఆ మాట ఎప్పుడు దాచారు? లావు, బండ, దుక్క, డ్రమ్ము, గుమ్మడికాయ, టుంటుం, ఏనుగు పిల్ల, కూరగాయల బండాయన కూడా "లావు పాపగారూ" అని పిలిచేవాడు, అదీ ప్రేమగా. మళ్ళీ మా అమ్మమ్మ మాత్రం బొద్దుగా ఉంటేనే కళ అనేది, పురుడయ్యాక చిక్కిపోయిన మా పిన్నిని చూసి ఏడ్చింది. మన దగ్గర మాటలకేం కొదవ లేదు, లేనిది కుర్చీ. ఇదే చెప్పా మైకులో, సగం వినబడిందో లేదో.

రెండోది ఆరోగ్యం సంగతి. ఒక కుర్రమ్మాయి షుగర్ గురించి అడగబోతే నడిపే అమ్మాయి "ఆ టాపిక్ ఇక్కడ వద్దు" అని పక్కకి తోసేసింది, ఆ వెంటనే బీఎమ్ఐ, అంటే ఎత్తుకి బరువెంతుందో చూసే లెక్క, ఎంత పిచ్చి లెక్కో పది నిమిషాలు చెప్పింది. 1830లలో క్వెట్లే అని బెల్జియం గణిత శాస్త్రవేత్త సగటు మనిషిని లెక్కకట్టడానికి పెట్టుకున్న సూత్రం అది, డాక్టరు కాదు ఆయన, 1972లో ఆన్సెల్ కీస్ దానికి ఈ పేరు పెట్టాడు. అంతా నిజమే. కానీ నా ఏ1సీ, అంటే మూడు నెలల షుగర్ సగటు చూపించే పరీక్ష, 6.1, మా నాన్నకి షుగర్, మా పెదనాన్నకి షుగర్, మనవాళ్ళకి తక్కువ బరువుకే వస్తుందని బీఎమ్ఐ గీత కూడా 25 దగ్గర కాకుండా 23 దగ్గరే గీస్తారు. నా షుగర్‌కి ఆ బెల్జియం ఆయనెవరో తెలీదు కదా. ఇంట్లో, డాక్టర్ల దగ్గర తిట్లు తిని ఇక్కడికొస్తే ఇక్కడ అసలు నోరే ఎత్తకూడదంటే మరి ఎక్కడ మాట్లాడాలి? దీనికి ఒక స్టార్ కట్ చేస్తున్నా. తర్వాత బాత్రూమ్ లైన్లో ఒక రిటైర్డ్ నర్సు నాతో చెప్పింది, ఆ టాపిక్ మొదలైతే సాయంత్రం మొత్తం అదే అయిపోతుంది, ఒకప్పుడు అయ్యేది, అందుకే ఆ రూలు అని. బరువు తగ్గాకే మందు అనే డాక్టరుని మార్చుకో, షుగర్‌కి మందు షుగర్‌కే అంది. ఆ ఐదు నిమిషాలు మైకులో చెప్పుంటే ఎంత బావుండేది.

సరే ఇప్పుడు నాటకాలు, అసలు సరుకు. నాకు సినిమా కంటే ఇవే నచ్చాయి. ఆరుగురు, చేతిలో కాయితాలు, రెండు మడత కుర్చీలు, అంతే. మొదటిది డాక్టరు దగ్గర. పేషెంటుకి చెవిపోటు, డాక్టరు బరువు తగ్గమంటాడు. చెవి చూడండి అంటే తూకం ఎక్కమంటాడు. చివరికి చెవిలోంచి ఒక బటాణీ బయటికొస్తుంది, డాక్టరు ఆ బటాణీలో ఎన్ని క్యాలరీలో చెప్తాడు. కడుపు పట్టుకుని నవ్వా. నాకు ఇంటరప్పుడు బొటనవేలు గోరు లోపలికి పెరిగి చీము పట్టి మా ఊళ్ళో ఒక డాక్టరు దగ్గరికెళ్తే ఆయన కూడా "ముందు నెయ్యి మాను" అన్నాడు, గోరుకి నెయ్యికి ఏం సంబంధమో ఇప్పటికీ తెలీదు.

రెండోది విమానం. ఆ మడత కుర్చీలు రెండూ దగ్గరగా వేసి ఇద్దరు కూర్చుంటారు, మాటలే ఉండవు, ఎవరి మోచెయ్యి ఎవరికి తగులుతుందో అదే కథ, ఐదు నిమిషాల్లో ఆ ఇద్దరూ భుజాలు ఎంత ముడుచుకున్నారో చూస్తుంటే నా భుజాలు కూడా ముడుచుకుపోయాయి. ఆ మూగ నటన చేసినాయన పగలు బస్సు నడుపుతాడట. పెద్ద స్టేజీల మీద కూడా ఇంత చక్కగా చేసినవాళ్ళని తక్కువ చూశా. మూడోది స్విమ్మింగ్ పూల్ గురించి, సగం బావుంది, మిగతా సగం ఉపన్యాసం, నీతి చెప్పడం మొదలుపెడితే నాటకం అక్కడే చచ్చిపోతుంది, ఏ దేశమైనా. నాలుగోది నాకు అర్థం కాలా, పక్కావిడకీ కాలా.

ఆఖర్న ఓపెన్ మైక్. ఎవరైనా వచ్చి మూడు నిమిషాలు ఏదైనా చెప్పొచ్చు. నేను వెళ్ళకూడదనే అనుకున్నా. ముసలావిడ కర్రతో నా కాలి మీద తట్టి "గుండమ్మా, వెళ్ళు" అంది. పేరు అంత కరెక్టుగా పట్టుకుంది చూడండి.

వెళ్ళి మా పెద్దమ్మ కూతురి పెళ్ళి సంగతి చెప్పా. నాకు పదిహేనేళ్ళు, తెనాలిలో ఫంక్షన్ హాలు, ఎరుపు ప్లాస్టిక్ కుర్చీ. తలంబ్రాలప్పుడు అందరూ లేచి నిలబడ్డారు, మళ్ళీ కూర్చున్నారు, నా కుర్చీ వెనక కాలు విరిగింది. వెనక్కి పడ్డా. వీడియో ఆయన కెమెరా పెళ్ళికూతురి మీదనుంచి నా మీదకి తిప్పాడు. ఆ క్యాసెట్ మా ఇళ్ళల్లో ఎన్నిసార్లు వేశారో లెక్కలేదు, సంక్రాంతికి చుట్టాలొస్తే వెయ్యాల్సిందే, ఆ ముక్క వచ్చేసరికి వంటింట్లోంచి కూడా పరిగెత్తుకొచ్చేవాళ్ళు, మా బాబాయి రిమోట్‌తో వెనక్కి తిప్పి నన్ను లేపి మళ్ళీ పడేసేవాడు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే రోషం అంటారు. నేను నటించిన మొదటి సినిమా అదే, మా ఖాన్‌దాన్‌లో సూపర్ హిట్.

ఇది నేను కామెడీగానే చెప్పా, ఇరవై ఏళ్ళుగా కామెడీగానే చెప్తున్నా, ఎక్కడ ఆపాలో ఎక్కడ మొహం పెట్టాలో నాకు కొట్టినపిండి. కుర్చీ విరిగింది అని చెప్పి ఆగా, నవ్వు కోసం. ఎవరూ నవ్వలా. నాకు చెమటలు పట్టాయి, ఇంగ్లీషులో సరిగ్గా చెప్పలేదేమో అనుకున్నా. అప్పుడు ఆ బస్సు డ్రైవరు కూర్చున్న చోటునుంచే "దెబ్బ తగిలిందా?" అని అడిగాడు.

తగిలింది. ఎడమ మోచెయ్యి గచ్చుకి తగిలి చీరుకుపోయింది, పెళ్ళి ఇంట్లో పసుపు ఎటూ ఉంది కదా, నేనే పెట్టుకున్నా, మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ ప్రశ్న అప్పటిదాకా నన్ను ఎవరూ అడగలా. మా అమ్మ కూడా అడగలా, పాపం ఆవిడ ఆ టైములో కుర్చీ డబ్బులు ఎవరిస్తారో అని హాలు వాళ్ళతో మాట్లాడుతోంది. మైకు ముందు నాకు ఏం మాట్లాడాలో తెలీలా. ఇంకో నిమిషం టైముంది. ఏం చెయ్యాలో తోచక ఘటోత్కచుణ్ణి అందుకున్నా. వివాహ భోజనంబు. నాకు ఆ పాట పొట్టలో ఉన్నప్పట్నుంచి వచ్చు, 1957 నాటి మాయాబజార్‌లో మాధవపెద్ది సత్యం పాడితే ఎస్వీ రంగారావు వేసిన నవ్వులున్నాయే, ఆ నవ్వులతో సహా. మా తాతయ్య సురభి వాళ్ళ మాయాబజార్ కూడా చూపించాడు నాకు చిన్నప్పుడు, స్టేజీ మీద లడ్డూలు గాల్లో ఎగిరి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్ళిపోయేవి, దారం ఎక్కడుందో చివరిదాకా కనిపెట్టలేకపోయా. ఆ హాల్లో తెలుగు ముక్క ఎవరికీ రాదు, అయినా గారెలు, బూరెలు, అప్పడాలు వరసగా వస్తుంటే తిండి పాట అని అందరికీ అర్థమైపోయింది, కాళ్ళతో తాళం వేశారు. ఆ నవ్వు దగ్గరకొచ్చేసరికి నేను పొట్ట మీద చెయ్యేసుకుని పైకి చూసి నవ్వా, నాకు తెలిసి నేను పబ్లిక్‌లో పొట్ట మీద చెయ్యి వేసుకోవడం అదే మొదటిసారి, ఎప్పుడూ చున్నీయో బ్యాగో అడ్డం ఉండేది. ముసలావిడ కర్ర నేలకేసి కొట్టింది. మూడు నిమిషాల గంట మోగించారు, నేను ఆపలా, ఇంకో చరణం లాగించా.

మిగతావి గబగబా చెప్తా. పాత బట్టలు మార్చుకునే టేబుల్ ఉంది, పెద్ద సైజులు, నాకో గళ్ళ స్కర్టు దొరికింది, ఊరికే. పార్కింగ్ ఘోరమట, నేను బార్ట్ కాబట్టి తెలీదు. మనవాళ్ళు అంటే సౌత్ ఏషియన్లు నేనొక్కదాన్నే. మగవాళ్ళు తక్కువ, ఐదారుగురు. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చు కానీ వాళ్ళకి బోర్ కొడుతుంది. రెండు గంటలు అని రాశారు, నాలుగు పట్టింది, ఆకలేస్తే మీ డబ్బా మీరు తెచ్చుకోండి. కుర్చీలకి 5, నాటకాలకి నాలుగున్నర, సినిమాకి 4, చర్చకి 3, మైకుకి 2. ఆ 2 కూడా నేను పాడేటప్పుడు పనిచేసింది కాబట్టి.

వచ్చేనెల అమ్మ వస్తోంది, ఆర్నెల్లు ఉంటుంది. ఈవిణ్ణి తీసుకెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్నా. ఆ డైట్ కబుర్లు వద్దనే బోర్డు దాటి గుమ్మంలోకి అడుగు పెట్టకముందే ఈవిడ ఎవరో ఒకర్ని చూసి ఏదో ఒకటి అనేస్తుంది, తెలుగులోనే అంటుంది కాబట్టి ఫర్వాలేదేమో. మా ఆయన అయితే సోఫా ఉందని విని తనూ వస్తానంటున్నాడు. ఎలాగూ నేను వెళ్ళాల్సిందే, జంతికల స్టీలు డబ్బా అక్కడే మర్చిపోయొచ్చా, మూత మీద అమ్మ పేరుంటుంది, పోతే ఊరుకోదు.